పుట్టుమచ్చల దస్తావేజులు

సౌదీ తూర్పు తీరంలోని దమ్మామ్‌లో శుక్రవారం వచ్చిందంటే మన తెలుగువాళ్లు ఎక్కడుంటారో అందరికీ తెలుసు. సీకో బజారు దగ్గర నలుగురూ కలుస్తారు, వారానికి సరిపడా సరుకులు కొంటారు, ఇంటికి డబ్బు పంపుతారు. ఎండ తగ్గాక కోర్నిష్ గట్టున కూర్చుని ఇంటివాళ్లతో ఫోన్లో మాట్లాడతారు. ఈ తిరుగుళ్లలో మ్యూజియం మాట రాదు. ఉన్న ఒక్క సెలవునూ రాళ్లూ కుండపెంకులూ చూడటానికి పోగొట్టుకోవడం దేనికి అంటారు. అలా అనేవాళ్లను కూడా ఈ పూట ఒక మ్యూజియానికి తీసుకెళదామనుకుంటున్నాను. అక్కడ భద్రంగా దాచిన చరిత్ర కొంత చెబుతాను. అక్కడ లేనిదీ, మన ట్రంకుపెట్టెల్లో మూలుగుతున్నదీ కొంత చెబుతాను.

దమ్మామ్‌కు ఆనుకునే ఉంది ధహ్రాన్. అక్కడ కింగ్ అబ్దులజీజ్ ప్రపంచ సంస్కృతి కేంద్రం ఉంది. జనం నోట అది ఇత్రా. 2008లో అబ్దుల్లా రాజు శంకుస్థాపన చేశారు, 2016 డిసెంబరులో సల్మాన్ రాజు ప్రారంభించారు. నమూనా గీసింది నార్వేకు చెందిన స్నోహెట్టా సంస్థ. దూరం నుంచి చూస్తే ఎవరో ఏటి గులకరాళ్లు ఏరి తెచ్చి ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టుంటుంది. మ్యూజియం, గ్రంథాలయం, నాటకశాల, సినిమా హాలు, పిల్లల మ్యూజియం, పాత పత్రాల విభాగం, అన్నీ ఆ రాళ్ల కడుపులోనే. కట్టినవాళ్లు ఒక లెక్క పెట్టుకున్నారు. నేల కింది అంతస్తులు గతానికి, నేల మట్టం వర్తమానానికి, పైకి లేచిన గోపురం భవిష్యత్తుకు. కాబట్టి చరిత్ర చూడాలంటే ఇక్కడ మెట్లు దిగాలి.

నాతోపాటు వచ్చినాయన జగిత్యాల వైపు మనిషి, పైప్ ఫిట్టరు. ఆయన లోపలికి రాకముందే ఆగిపోయాడు. భవనం ఒంటినిండా స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు చుట్టి ఉంటాయి, అన్నీ కలిపితే సుమారు 350 కిలోమీటర్ల పొడవు. ఆయన దగ్గరికి పోయి, తల వంచి, ఒక గొట్టం పొడవునా చూపు నడిపించాడు. "ఈ బెండ్లు చూసినవా అన్నా? ఒక్కటి ఇంకోదాని లెక్క లేదు. ఇవన్ని వంచినోనికి చెయ్యెత్తి మొక్కాలె" అన్నాడు. పత్రికలు ఈ భవనం గురించి రాసినప్పుడు నమూనా గీసినవాళ్లనే మెచ్చుకుంటాయి. వంచినవాడిని మెచ్చుకున్నది నేను వినడం అదే.

ఈ కేంద్రాన్ని ఇక్కడే ఎందుకు కట్టారు? దగ్గర్లోనే ఉన్న ఒక బావి వల్ల. దాని పేరు దమ్మామ్ ఏడో నంబరు బావి.

1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది. నడుమ ఉన్నది సన్నటి సముద్రపు పాయ. అవతలి గట్టున బహ్రెయిన్ నుంచి కనబడే ధహ్రాన్ గుట్టల కింద కూడా నూనె ఉండాలని భూగర్భ శాస్త్రజ్ఞుల ఊహ. 1933 మే 29న సౌదీ ఆర్థిక మంత్రి అబ్దుల్లా సులేమాన్, అమెరికాలోని కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ తరఫున లాయిడ్ హామిల్టన్ జెద్దాలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. రాజ్యానికి ముందస్తుగా ముట్టాల్సిన అప్పూ, మొదటి ఏడాది అద్దే కలిపి 35,000 బంగారు సవరన్లు. కాగితం డబ్బును నమ్మే రోజులు కావవి. లండన్ నుంచి ఆ బంగారం పెట్టెల్లో ఓడెక్కి వచ్చింది. జెద్దాలోని డచ్చి బ్యాంకులో, మంత్రిగారి ఎదుట, కార్ల్ ట్విచెల్ అనే ఇంజనీరు ఆ నాణేలను బల్ల మీద పోసి లెక్కపెట్టాడు. ఇవాళ కోట్ల బ్యారెళ్లలో లెక్క చూసే పరిశ్రమకు తొలి జమా అలా చేతివేళ్లతో జరిగింది.

బంగారమైతే చేరింది గానీ నూనె పడలేదు. 1935లో ఒకటో నంబరు బావి మొదలుపెట్టారు. ఒకదాని తర్వాత ఒకటి తవ్వారు. ఒకదాంట్లో కాస్త గ్యాసు, ఒకదాంట్లో కాస్త నూనె, ఇంకోదాంట్లో నీళ్లు. అమ్ముకోవడానికి సరిపడా ఏదీ రాలేదు. 1936 డిసెంబరులో ఏడో బావి మొదలైంది. అదీ మొరాయించింది. కంపెనీ పెద్దలకు ఓపిక నశిస్తున్న వేళ, ముఖ్య భూగర్భ శాస్త్రజ్ఞుడు మాక్స్ స్టైనికీ మాత్రం ఇంకా లోతుకు పోదామన్నాడు. 1938 మార్చి 4, సరిగ్గా శుక్రవారం నాడు, సుమారు 1,440 మీటర్ల లోతున నూనె తన్నుకొచ్చింది. ఆ రోజు పారింది 1,585 బ్యారెళ్లు. ఆ ఒక్క బావి 1982 దాకా పనిచేసి 3 కోట్ల 20 లక్షల బ్యారెళ్లకు పైగా ఇచ్చింది. మరుసటి ఏడు, 1939 మే 1న, రాస్ తనూరాలో అబ్దులజీజ్ రాజు స్వయంగా వాల్వు తిప్పితే మొదటి ఓడలోకి నూనె పారింది. 1999లో ఈ బావికి శుభాల బావి అని పేరు పెట్టారు.

కరీంనగర్ పల్లెల్లో డాబాలు లేచినా, కడప జిల్లాలో చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగినా, కోనసీమలో పిల్లలు ఇంజనీరింగు చదివినా, ఆ లెక్కల మూలాలు వెతుక్కుంటూ పోతే కొన్ని ఈ బావి గట్టుకే చేరతాయి. కాబట్టి ఇది అరబ్బుల చరిత్ర, మనకెందుకులే అనుకోవడానికి లేదు.

ఈ చమురు కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఒకడున్నాడు, ఖమీస్ బిన్ రిమ్‌థాన్. అజ్మాన్ తెగకు చెందిన బెదూయిన్. శాస్త్రజ్ఞులకు దారి చూపడానికి కంపెనీ పెట్టుకున్న మనిషి. దిక్సూచీ లేదు, పటం లేదు. ఇసుక రంగు చూసి, చుక్కలు చూసి, ఎప్పుడో చిన్నప్పుడు విన్న బావి ఆనవాళ్లు గుర్తుపెట్టుకుని, ఎడారిలో ఎక్కడున్నామో చెప్పేవాడట. స్టైనికీకి ఆయన మీద ఎంత గురి అంటే, ఇద్దరి పేర్లనూ ఇప్పుడు విడదీసి చెప్పరు. ఖమీస్ 1959లో చనిపోయాడు. 1974లో కనుగొన్న ఒక చమురు క్షేత్రానికి కంపెనీ రిమ్‌థాన్ అని ఆయన పేరే పెట్టింది.

ఈ కథంతా విన్నాక మా ఫిట్టరు అడిగాడు: "ఆయిల్ ఎట్ల దొరికిందో మంచిగ చెప్పిండ్రు. మరి మన ముచ్చట ఏడున్నదన్నా?"

ఈ రోజు నా ప్రసంగమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

తూర్పు తీరంలో మనవాళ్ల ఉనికి కొత్తదేం కాదు. 1940లలోనే చమురు కంపెనీ భారతదేశం నుంచి గుమాస్తాలనూ, పనివాళ్లనూ రప్పించుకుంది. 1970లలో చమురు ధర పెరిగాక రోడ్లు, రేవులు, శుద్ధి కర్మాగారాలు కట్టడానికి వేలూ లక్షలూ వచ్చారు. ఏ మ్యూజియంలోనైనా ఇంతమందికి ఇన్ని గాజు అరలు పెట్టడం కుదరదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ వాళ్ల పేర్లయినా ఎక్కడో ఒకచోట ఉండాలి కదా?

వస్తువుకీ కాగితానికీ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. ఈ తూర్పు ప్రాంతంలోనే థాజ్ అనే పాత పట్టణం శిథిలాలున్నాయి. 1998లో అక్కడ ఒక సమాధి బయటపడింది. క్రీస్తుశకం మొదటి శతాబ్దం నాటిది. లోపల ఆరేళ్ల పిల్ల. ముఖానికి బంగారు తొడుగు, చేతికి బంగారపు తొడుగు, మెడలో హారాలు. ఆ బంగారమంతా రియాద్ జాతీయ మ్యూజియానికి చేరింది. చూసినవాళ్లు కళ్లార్పలేరు. కానీ ఆ పాప పేరేమిటి? కన్నవాళ్లెవరు? బంగారం చెప్పలేదు. ఖతీఫ్ ఎదుట ఉన్న తారూత్ దీవిలో దొరికిన నాలుగున్నర వేల ఏళ్ల నాటి రాతి మనిషి కూడా అదే మ్యూజియంలో ఉన్నాడు, చేతులు జోడించి. అతనికీ పేరు లేదు. వస్తువులో వైభవం మిగులుతుంది. పేరు మిగలాలంటే ఎవరో ఒకరు రాసిపెట్టాలి.

రాసిపెట్టినచోటు ఎలా ఉంటుందో చూడాలంటే మన హైదరాబాదుకే పోదాం. తార్నాకలో తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఉస్మానియాకు బస్సెక్కి రోజూ దాని ముందునుంచి పోయినవాళ్లు కూడా లోపలికి పోయి ఉండరు. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కను దస్తావేజులు అక్కడ లక్షన్నరకు పైగా ఉన్నాయి. అన్నేసి కాగితాల్లో ఏముంటుంది, ఫర్మానాలూ యుద్ధాల కథలే కదా అనుకుంటాం. చాలా భాగం అవి కావు. అర్జ్-ఓ-చెహ్రా అనే రకం పత్రాలు అవి. ఒక్కో సిపాయికి ఒక్కో కాగితం. పేరు, తండ్రి పేరు, ఏ ఊరు, ఒంటి రంగు, కనుబొమలు ఎలా ఉన్నాయి, ముక్కు ఎలా ఉంది, చెంప మీద మచ్చ ఏ వైపు, మశూచి గుంటలున్నాయా, కత్తిగాటు ఎక్కడ. అతని గుర్రానికి కూడా అంతే, రంగు, సుడి, వాత గుర్తు. ఒకడి జీతం ఇంకొకడు ఎత్తుకుపోకుండా, మంచి గుర్రం చూపించి తనిఖీ అయ్యాక బక్కగుర్రం పెట్టకుండా సర్కారు చేసుకున్న కట్టుదిట్టం అది. ఆ గుమాస్తాకు సిపాయి మీద ప్రేమేమీ లేదు, అనుమానం ఉంది. ఆ అనుమానం పుణ్యమా అని మూడున్నర వందల ఏళ్ల కిందటి ఓ మామూలు సిపాయి ముఖం ఇవాళ మనకు కనిపిస్తోంది.

ఇంకో ఉదాహరణ సముద్రం అవతలిది. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా పోయిన 342 మంది దాంట్లో ఉన్నారు. 1911లో ఆ రవాణా ఆగిపోయేలోగా నాటాల్‌కు పోయినవాళ్లు 1,52,000 పైచిలుకు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, చిత్తూరు వైపుల నుంచి పోయిన తెలుగువాళ్లు వాళ్లలో ఎందరో. ఓడెక్కే ప్రతి మనిషికీ ఒక నంబరు. ఆ నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు. చివర్న ఒంటి మీది గుర్తులు, ఎడమ మోచేయి మీద మచ్చ, నుదుటి మీద గాయం. కూలీ పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న లెక్క అది. ఐదు తరాలు గడిచాక వాళ్ల మునిమనవలు తమ ఊరెక్కడో తెలుసుకోవడానికి తిరగేస్తున్నదీ ఆ లెక్కనే. తెలుగు మాట్లాడటం మర్చిపోయిన కుటుంబాలు సైతం ఆ ఒక్క వరుస పట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెలకు వచ్చి తాతల ఇళ్లు వెతుక్కున్నాయి. మారిషస్‌లో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ దాచిన దస్త్రాల్లోనైతే కూలీల ఫొటోలు కూడా ఉన్నాయి.

ఈ పద్ధతి పాతకాలంతో పోలేదు. ఇంటికి పోయినప్పుడు మీ పదో తరగతి సర్టిఫికెట్ బయటికి తీసి చూడండి. కుడి చేతి మీద పుట్టుమచ్చ, మెడ కింద పుట్టుమచ్చ అని ఉంటుంది. రాసేనాడు స్కూల్లో అయ్యవారు చొక్కా చేయి పైకెత్తి వెతికిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఔరంగజేబు గుమాస్తా నుంచి మన హెడ్మాస్టరు దాకా సర్కారు చూపు ఒక్కటే. గొప్పవాళ్లను బిరుదులతో గుర్తుపెట్టుకుంటుంది, మనలాంటివాళ్లను మచ్చలతో.

మరి దమ్మామ్ వచ్చిన తెలుగువాడి లెక్క ఎక్కడుంది? కొంత మన ప్రభుత్వం దగ్గరుంది. 1983 వలస చట్టం ప్రకారం ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు గల్ఫ్‌కు పోవాలంటే వలస అధికారి అనుమతి కావాలి, ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ఆ అనుమతుల్లో పేరూ, కంపెనీ, పని, జీతం ఉంటాయి. కానీ పదో తరగతి పాసైనవాడికి ఆ అనుమతి అక్కర్లేదు, అతను ఆ లెక్కలోకి రాడు. విజిట్ వీసా మీద వచ్చి ఉండిపోయినవాడూ రాడు. పుట్టుమచ్చ రాసిన సర్టిఫికెట్ ఉన్నవాడు ఊరు దాటిన సంగతే రాసి లేదన్నమాట. పైగా ఆఫీసు కాగితాలన్నీ కలకాలం ఉండవు. 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం శాశ్వత విలువ ఉన్నవని తేల్చిన పత్రాలే పాతికేళ్లు దాటాక జాతీయ ఆర్కైవ్స్‌కు పోతాయి. మిగతావి గడువు తీరాక చెత్తకే.

ఇక ఇక్కడి కాగితాలు. పాతకాలపు ఇకామా, అంటే నివాస అనుమతి పత్రం, మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు, చిన్న పుస్తకంలా ఉండేది. ముస్లింలకు ఆకుపచ్చ అట్ట, మిగతావాళ్లకు గోధుమరంగు అట్ట. తర్వాత కార్డు వచ్చింది, ఇప్పుడు ఫోన్లోకే వచ్చేసింది. జేబులో ఇకామా లేకుండా వీధిలోకి పోవడానికి భయపడిన మనిషి, ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్లే రోజున దాన్ని ఇచ్చేసి పోవాల్సిందే. ఇరవై ఏళ్లు ఇక్కడ ఉన్నానని చెప్పుకోవడానికి ఒక ముక్క మిగలదు. జిరాక్సు తీసి పెట్టుకున్నవాళ్లు ఎంతమంది?

ఊళ్లోనైతే లెక్క ఇంకా అన్యాయం. సౌదీ పోయినా, మస్కట్ పోయినా, కువైట్ పోయినా అందరి ఖాతాలో అది దుబాయే. రేపు మనవడు అడిగితే "మీ తాత దుబాయ్ పోయిండు" అంటారు. దమ్మామ్ రేవులో ఓడల నుంచి సిమెంటు బస్తాలు దించిన తాత, జుబైల్‌లో గొట్టాలు అతికిన తాత, ఎవరింట్లోనో వంట చేసి పిల్లల్ని పెంచిన అమ్మమ్మ, అందరూ ఆ ఒక్క ముక్కలో కలిసిపోతారు.

మన దగ్గర దాచిన కాగితం పక్కవాళ్లకు పనికొచ్చిన సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఈ గల్ఫ్ తీరం పాత చరిత్ర రాయాలంటే పరిశోధకులు తిరగేసేవాటిలో భారతదేశపు దస్త్రాలు ముఖ్యమైనవి. బ్రిటిష్ కాలంలో ఇటువైపు వ్యవహారాలు చూసిన అధికారులు 1947 దాకా భారత ప్రభుత్వం కిందే పనిచేశారు. లోరిమర్ అనే అధికారి తయారుచేసిన గల్ఫ్ గెజిటీరు కలకత్తాలోనే అచ్చయింది, భౌగోళిక భాగం 1908లో, చరిత్ర భాగం 1915లో. రియాద్‌లో 1972లో స్థాపించిన కింగ్ అబ్దులజీజ్ పరిశోధన, ఆర్కైవ్స్ సంస్థ అయితే తమ దేశం గురించి విదేశాల్లో ఉన్న కాగితాలను కూడా వెతికించి నకళ్లు తెప్పించుకుంటోంది. తన కథ ఇంకొకడి బీరువాలో ఉందని తెలిసిన దేశం చేసిన పని అది. ఆ పని మనమూ చేయొచ్చు.

ఎలాగో చెబుతాను. ఖర్చేమీ లేదు. రద్దయిన పాత పాస్‌పోర్టు పారేయకండి. వీసా పేజీ, వచ్చిన ముద్ర, పోయిన ముద్ర, ఇంతకన్నా ఖచ్చితమైన జీవితచరిత్ర మనలో ఎవరికీ లేదు. ఇకామా, కంపెనీ ఐడీ కార్డు, మొదటి అగ్రిమెంటు, మొదటి జీతం చీటీ నకళ్లు తీసుకోండి. డబ్బు పంపినప్పుడు ఇచ్చే నున్నటి రసీదు కొన్నాళ్లకే తెల్లబోతుంది, అచ్చంతా మాయమవుతుంది. అది పోకముందే ఫొటో తీసుకోండి. కాపాడదామని పాత కాగితాలకు లామినేషన్ చేయించకండి. వేడికి కాగితం దెబ్బతింటుంది, ఒకసారి అతికాక విడదీయలేరు. పలచటి కవర్లో పెట్టి తడి తగలని చోట ఉంచితే చాలు. క్యాంపులో అందరూ కలిసి దిగిన ఫొటో ఉందా? వెనకవైపు పెన్సిల్‌తో, ఎడమ నుంచి ఎవరెవరో, ఏ ఊరివాళ్లో, ఏ సంవత్సరమో రాయండి. పేర్లు లేని ఫొటో ఇంకో ముప్పై ఏళ్లకు థాజ్ పాప నగల్లాంటిదే అవుతుంది.

క్యాసెట్ల మాట మర్చిపోకండి. ఫోను చేయాలంటే జీతంలో సగం పోయే రోజుల్లో, చదువురాని భార్యాభర్తలు టేపు రికార్డర్లో మాట్లాడి, ఊరికి పోతున్నవాడి చేతికిచ్చి క్యాసెట్లు పంపుకునేవాళ్లు. పొలం కౌలుకిచ్చిన సంగతి, పిల్లాడి మొదటి మాటలు, అత్తగారి మీద ఫిర్యాదు, మధ్యలో ఏడుపు, వెనక కోడికూత, అన్నీ దాంట్లోనే. ఆ క్యాసెట్లు కొన్ని ఇళ్లల్లో అటకల మీద ఇంకా ఉన్నాయి. టేపు బూజుపట్టి అతుక్కుపోకముందే కంప్యూటర్లోకి ఎక్కించాలి. తెలుగు పలుకుబడి మీద, పల్లె ఆడవాళ్ల మాట మీద రేపు పరిశోధన చేసేవాళ్లకు అంతకన్నా నిధి దొరకదు.

ఇవన్నీ ఎవరింట్లో వాళ్లు దాస్తే సరిపోదు, ఒకచోట చేరాలి. ఇక్కడ మన సంఘాలున్నాయి. ఉగాదికీ బతుకమ్మకూ వేదిక కట్టినట్టే, ఏడాదికోసారి కాగితాల పండగ పెట్టుకోవచ్చు. ఒక స్కానరు, ఇద్దరు కుర్రాళ్లు ఉంటే చాలు. వచ్చినవాళ్ల కాగితాలు నకలు తీసి, అసలు వాళ్లకిచ్చేసి, ఒప్పుకున్నవాళ్ల నకళ్లు మాత్రం హైదరాబాదులోనో విజయవాడలోనో గ్రంథాలయానికి అప్పగించవచ్చు. ఎవరి కష్టాలు ఎవరికి చూపించాలో ఆ ఇంటివాళ్లే చెప్పాలి. అప్పు పత్రాలూ జబ్బు కాగితాలూ ఉంటాయి, వాటి మర్యాద వాటికి ఉంచాలి.

అన్నింటికన్నా ముందు చేయాల్సింది వేరే ఉంది. మీ క్యాంపులో అందరికన్నా పాతాయన ఎవరు? ఈ శుక్రవారం సీకోకు పోయేముందు ఆయన గదికి పోండి. టీ తాగుతూ అడగండి. ఏ ఏడు వచ్చావు తాతా, ఏ ఏజెంటుకు ఎంత కట్టావు, ఆ డబ్బు ఎక్కడ పుట్టింది, బొంబాయిలో ఎన్నాళ్లు పడిగాపులు కాశావు, మొదటి జీతం ఎంత, నీతో వచ్చినవాళ్ల పేర్లేమిటి. ఫోన్లో రికార్డింగు నొక్కి పక్కన పెట్టండి. మధ్యలో అడ్డుపడకండి. మా ఫిట్టరు ఇప్పటికే తమ క్యాంపులో మొదలుపెట్టాడు, రోజూ రాత్రి మెస్సు అయ్యాక ఒక్కొక్కరి దగ్గర. ఆయన అడిగిన ప్రశ్నకు ఆయనే జవాబు రాస్తున్నాడు. మీరూ రాయండి.